వాట్సాప్ బిజినెస్ యాప్ రివ్యూ: 20 వేలతో పొడుల వ్యాపారం పెట్టి చూసినవాళ్ల మాట

మొదటే మార్కులు చెప్పేస్తాను. చిన్న పెట్టుబడితో వ్యాపారం మొదలుపెట్టి, అది నిలబడుతుందో లేదో చూసుకోవడానికి వాట్సాప్ బిజినెస్ యాప్‌కి నేను 5కి 4 ఇస్తాను. ఇప్పటికే పెరిగిన వ్యాపారాన్ని నడుపుకోవడానికైతే 2 కంటే ఎక్కువ ఇవ్వను. ఈ రెండూ వేర్వేరు పనులు, వీటిని కలిపేసి చెబితే చదివినవాళ్లకి ఇది తమకి పనికొస్తుందో లేదో తేలదు. వెబ్‌సైట్ చేయించాలా, యాప్ చేయించాలా, షాపు అద్దెకి తీసుకోవాలా అని నెలల తరబడి లెక్కలు వేసుకుంటూ, ఆ టెన్షన్‌లోనే అసలు పని మొదలుపెట్టకుండా ఉండిపోయినవాళ్లు మా చుట్టాల్లోనే చాలామంది ఉన్నారు. వాళ్లని దృష్టిలో పెట్టుకునే ఇది రాస్తున్నాను.

మాది గుంటూరు. నేను, మా అత్తయ్య, హైదరాబాద్ కూకట్‌పల్లిలో ఉండే మా ఆడపడుచు కలిసి ఇంటి పొడులు అమ్ముతున్నాం. కందిపొడి, కరివేపాకు కారం, నువ్వుల పొడి, మునగాకు పొడి, నల్లకారం. ఏడాది పైనే అయింది. చేతి నుంచి పెట్టదల్చుకున్నది 20 వేల రూపాయలు, అంతకు మించి ఏం కావాలన్నా వ్యాపారమే సంపాదించి పెట్టుకోవాలని ముందే అనుకున్నాం. అప్పటికే ఒకాయన ఆన్‌లైన్ ఆర్డర్ల యాప్ తయారుచేసి ఇవ్వడానికి లక్షన్నర చెప్పారు. ఆయన చెప్పిన రేటు తప్పని అనను, పని అంత ఉంటుంది. కానీ లక్షన్నర పెట్టాక కందిపొడి ఎవరూ కొనరని తెలిస్తే ఆ డబ్బు ఎక్కడి నుంచి వెనక్కి తెచ్చుకుంటాం? మాకు ముందు తెలియాల్సింది ఒక్కటే. మా మొహం కూడా తెలియని మనిషి మా అత్తయ్య చేతి పొడిని డబ్బులిచ్చి కొంటారా, కొన్నాక ఇంకోసారి అడుగుతారా? ఆ జవాబు తక్కువ ఖర్చులో తెచ్చిపెట్టే సాధనంగానే ఈ యాప్‌ని వాడాం, మార్కులు కూడా అందుకే వేస్తున్నాను.

వాడనివాళ్లకి రెండు ముక్కలు. మామూలు వాట్సాప్ వేరు, చిన్న వ్యాపారుల కోసం అదే కంపెనీ చేసిన ఈ యాప్ వేరు. 2018 జనవరిలో మన దేశానికి వచ్చింది, ఫోన్‌లో వేసుకుని వాడుకోవడానికి డబ్బులు కట్టక్కర్లేదు. ఒకే నంబరు మీద రెండూ నడవవు కాబట్టి వ్యాపారానికి ఇంకో నంబరు కావాలి. కొత్త సిమ్ ఎందుకు అనుకుంటే ఇంట్లో ల్యాండ్‌లైన్ ఉన్నవాళ్లు ఆ నంబరు కూడా పెట్టుకోవచ్చు, నంబరు మనదేనని చూసుకునే కోడ్‌ని యాప్ కాల్ చేసి చదివి చెబుతుంది. సొంత నంబరునే దీంట్లోకి మార్చేసుకుందాం అనుకునేవాళ్లకి నా సలహా, వద్దు. పెళ్లి పిలుపులు, పిల్లల స్కూల్ గ్రూపులు, గుడ్ మార్నింగ్ పువ్వులు, వాటి మధ్యలో ఎవరో డబ్బులు వేసి పంపిన స్క్రీన్‌షాట్, ఇవన్నీ ఒకే చోట ఉంటే ఏ మెసేజ్ ముఖ్యమో కనిపెట్టడానికే పొద్దు గడిచిపోతుంది. మనిషి మొదటిసారి మెసేజ్ చేసినప్పుడు, లేదా 14 రోజులు మాటల్లేకుండా ఉండి మళ్లీ పలకరించినప్పుడు, తనంతట తానే వెళ్లే స్వాగత సందేశం ఒకటి పెట్టుకోవచ్చు. మాది రెండు వాక్యాలే: ఏ రోజు దంచుతాం, ఏ రోజు పంపుతాం. నమస్కారాలు, స్లోగన్లు అన్నీ తీసేశాం, ఎందుకంటే జనం చదివేది మొదటి రెండు వాక్యాలే.

అసలు బలం కేటలాగ్‌లో ఉంది. 2019 నవంబరులో వచ్చిన ఈ వసతిలో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, ఒక్కోదానికి ఫొటోలు, ధర, వివరం రాసుకోవచ్చు. పరీక్షకి అయిదు చాలు. మామూలుగా చాలామంది ముందు సరుకు తయారుచేసి, సీసాలు కొని, స్టిక్కర్లు వేలల్లో కొట్టించి, అన్నీ సిద్ధమయ్యాక అమ్మడం మొదలుపెడతారు. ఇక్కడ ఆ వరస తిరగేసుకోవచ్చు. అయిదు పొడులూ ఇంట్లోకి చేసుకున్నంతే చేశాం, స్టీలు గిన్నెల్లో పోసి, కిటికీ పక్కన పొద్దుటి వెలుతురులో ఫోన్‌తోనే ఫొటోలు తీసి కేటలాగ్‌లో పెట్టాం. ప్రతి వివరంలోనూ మొదటి వాక్యం ఇదే: ‘శుక్రవారం రాత్రి దాకా డబ్బు అందిన ఆర్డర్లకే శనివారం దంచుతాం, సోమవారం ఇస్తాం.’ ఇందులో ఎవరినీ మభ్యపెట్టడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పడమే. కొనేవాళ్లకి తాజా సరుకు అందుతుంది, మాకు మిగిలిపోయే సరుకు ఉండదు. శనివారం పొద్దున మూకుట్లో కందిపప్పు పడేసరికే ఆ పొడి ఎవరెవరికి వెళ్లాలో పేర్లతో సహా మా దగ్గర ఉంటుంది.

ఫలితం మాత్రం ఇంట్లో మేం వేసుకున్న అంచనాకి ఎక్కడా దగ్గరగా లేదు, 4 మార్కుల్లో సగం అందుకే ఇచ్చాను. స్టేటస్‌లో నువ్వుల పొడి ఫొటోకి వచ్చినన్ని మెచ్చుకోళ్లు ఇంక దేనికీ రాలేదు. ‘చూస్తుంటేనే నోరూరుతోంది’ అని రాసినవాళ్లే ఎంతమందో. ఆర్డర్ల దగ్గరికి వస్తే నువ్వుల పొడిదే ఆఖరి స్థానం. మెచ్చుకోలుకి ఖర్చు లేదు కాబట్టి అందరూ ఇస్తారు, డబ్బు దగ్గర మనిషి ఆలోచిస్తాడు, మన పరీక్షకి కావాల్సింది ఆ ఆలోచన తర్వాత వచ్చే జవాబే. మేం పెద్దగా పట్టించుకోని కరివేపాకు కారం అన్నిటికంటే ముందు నిలబడింది. ఇంక కందిపొడి సంగతి. గుంటూరులో కందిపొడి చేసుకోని ఇల్లుందా, దీన్ని ఎవరు కొంటారు అని మా అత్తయ్య మొదట్నుంచీ అంటూనే ఉన్నారు. కొన్నారు. ఎవరు, ఎందుకు కొన్నారన్నది చాట్‌లు వెతికితే బయటపడింది.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే యాప్‌లో దీనికి ఏ పేరూ లేదు, ఏ మెనూలోనూ కనిపించదు, మాకు మాత్రం అన్నిటికంటే ఉపయోగపడింది ఇదే. పైన ఉండే వెతుకులాట పెట్టెలో ఒక్కో మాట కొట్టి చూస్తూ పోయాం. ‘పార్శిల్’ అని కొడితే వరసగా చాట్‌లు వచ్చాయి. ‘పార్శిల్‌కి గట్టిగా కట్టి ఇస్తారా అండీ, మా అబ్బాయి బెంగళూరులో ఉంటాడు.’ ‘కవర్ మీద ఇంకో కవర్ వేయండమ్మా, పుణె పంపాలి.’ ‘హాస్టల్ వార్డెన్ సీసాలు రానివ్వరు, ప్యాకెట్లలోనే ఇవ్వండి.’ ఊళ్లో కొంటున్నవాళ్లు తమ కోసం కొనడం లేదు, ఊరు దాటి వెళ్లిన పిల్లల కోసం కొంటున్నారు. హాస్టల్ ఇడ్లీలోకి నల్లకారం ఉంటే చాలని పిల్లలే అడిగి తెప్పించుకుంటున్నారు. అప్పటికి మేం గుంటూరులోనే బ్రాడీపేటలో చిన్న షాపు ఒకటి చూసి పెట్టుకున్నాం, దాన్ని వదిలేశాం. తినేవాళ్లు బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉంటే బ్రాడీపేటలో బోర్డు పెట్టి ఏం లాభం? షాపు అడ్వాన్సు, అద్దె, ర్యాకులు, అవన్నీ కట్టాక తెలియాల్సిన సంగతి ఒక వెతుకులాటతో తెలిసింది.

అలాగే ‘కారం’ అని వెతికితే ఇంకో వరస. ‘అక్కా, కారం సగం తగ్గించి చేయగలరా, ఉప్పు కూడా, మా నాన్నగారికి బీపీ’ అని హైదరాబాద్ నిజాంపేట నుంచి ఒకమ్మాయి రాసింది, అదే కోరిక వేరే వేరే మాటల్లో ఇంకా చాలామంది అడిగారు. తక్కువ కారం, తక్కువ ఉప్పుతో కరివేపాకు పొడి ఒకటి కేటలాగ్‌లో కలిపాం, ఇప్పుడు అది మామూలు దాంతో సమానంగా పోతోంది. ఇదే ప్రశ్నని గూగుల్ ఫామ్‌లో పెట్టి ‘మీకు ఎలాంటి పొడి కావాలి’ అని అడిగితే అందరూ మర్యాదగా ‘ఆరోగ్యకరమైనది, ఇంటి రుచి ఉన్నది’ అని టిక్ కొట్టి పంపుతారు. దాన్ని పట్టుకుని ఏం దంచాలో తెలియదు. కొనేటప్పుడు జనం వాడే మాటలు వేరేగా ఉంటాయి, అవి చాట్‌లో ఎవరూ చెరపకుండా ఉండిపోతాయి.

లేబుళ్లు రెండో మంచి సంగతి. ఒక్కో చాట్‌కి రంగు చీటీ తగిలించుకోవడం లాంటిది. కొత్త కస్టమర్, కొత్త ఆర్డర్, రావాల్సిన డబ్బు, అందిన డబ్బు, పూర్తయిన ఆర్డర్ అని అయిదు ముందే ఉంటాయి, మొత్తం 20 దాకా పెట్టుకోవచ్చు. వీటిని ఆర్డర్ల లెక్క కోసమే వాడితే సగం ఉపయోగం పోయినట్టే. మేం అదనంగా ‘అడిగి ఆగారు’, ‘గుర్తు చేస్తే కొన్నారు’, ‘తనంతట తనే మళ్లీ అడిగారు’ అని పెట్టుకున్నాం. ఈ ఆఖరి లేబుల్ కిందకి ఎంతమంది వస్తున్నారన్నదే మా వ్యాపారం ఆరోగ్యం. మొదటి ఆర్డర్‌లో మొహమాటం ఉంటుంది, చుట్టరికం ఉంటుంది, కొత్త వస్తువు మీద సరదా ఉంటుంది. రెండోసారి, మనం పలకరించకుండా, ‘పొడి అయిపోయింది, ఇంకో అర కిలో పంపండి’ అని వచ్చే మెసేజ్‌లో పొడి రుచి తప్ప ఇంకేం ఉండదు. మునగాకు పొడిని మొదటిసారి కొన్నవాళ్లు బాగానే ఉన్నారు, ఆరోగ్యానికి మంచిదని పేరుంది కదా. తనంతట తానే మళ్లీ అడిగినవాళ్లు దాదాపు లేరు. దాన్ని పెద్ద ఎత్తున చేయకూడదని అప్పుడే నిర్ణయించుకున్నాం, దానికోసం ఆకు ఎండబెట్టే డ్రయ్యర్ కొందామన్న ఆలోచన అక్కడితో ఆగింది.

డబ్బు ముందు తీసుకోవడం గురించి చాలామంది మొహమాటపడతారు. క్విక్ రిప్లైస్ అని ఒకటుంది, స్లాష్ కొట్టి మనం పెట్టుకున్న చిన్న మాట రాస్తే మొత్తం సందేశం వచ్చేస్తుంది, 50 దాకా దాచుకోవచ్చు. ధర, క్యూఆర్ వివరం, ఎప్పుడు పంపుతాం అన్నది ఒకే సందేశంగా పెట్టుకుంటే అందరికీ ఒకటే మాట వెళుతుంది, చుట్టాలకి ఒకలా, కొత్తవాళ్లకి ఒకలా మాట్లాడాల్సిన ఇబ్బంది ఉండదు. బ్యాంకు ఖాతా నుంచి యూపీఐలో వచ్చే డబ్బుకి 2020 జనవరి నుంచి వ్యాపారుల దగ్గర ఛార్జీ తీసుకోవడం లేదు కాబట్టి 80 రూపాయల ఆర్డర్ కూడా గిట్టుబాటు అవుతుంది. ఇరవై రూపాయల లాభం వచ్చే చోట రెండు రూపాయలు పోయినా మనకి తెలుస్తుంది, అందుకే చిన్న వ్యాపారానికి యూపీఐ చేసిన మేలు నేను ఎప్పుడూ తక్కువ చేసి చెప్పను.

ధరల పరీక్ష ఎలా పెట్టాం అని చాలామంది అడుగుతున్నారు కాబట్టి వివరంగా. ఒకే పొడికి ఒకరికి 160, ఇంకొకరికి 180 చెప్పి ఏది నడుస్తుందో చూడమని ఆన్‌లైన్‌లో సలహాలు కనిపిస్తాయి. మన ఊళ్లలో ఆ పని వద్దు. కొనేవాళ్లందరూ ఏదో ఒక చోట ఒకరికొకరు తెలిసినవాళ్లే, అపార్ట్‌మెంట్ లిఫ్ట్‌లో రెండు నిమిషాలు మాట్లాడుకుంటే బయటపడుతుంది, నమ్మకం పోయాక పొడి ఎంత బాగున్నా కొనరు. మనిషిని బట్టి ధర మార్చకుండా ప్యాకెట్ పరిమాణం మార్చి చూశాం. 250 గ్రాములు 180 రూపాయలు. మా లెక్కలో దినుసులకి 70, పౌచ్, స్టిక్కర్ కలిపి 9, గ్యాస్, మిల్లు ఆడించిన కూలీ 8, దంచి, జల్లించి, ప్యాక్ చేసే మనిషికి 25, అట్టపెట్టె, టేపు 12. మొత్తం 124 పోతే 56 మిగులుతుంది, పార్శిల్ ఖర్చు కొనేవాళ్లదే. 100 గ్రాముల ప్యాకెట్ 80 రూపాయలు, దానికి ఖర్చు 65, మిగిలేది 15. పరిమాణం తగ్గితే దినుసులు తగ్గుతాయి కానీ పౌచ్, సీలు, పెట్టె, మనిషి కష్టం అంతగా తగ్గవు, ఈ ఒక్క ముక్క కాగితం మీద రాసుకోకుండా చిన్న ప్యాకెట్లతో నష్టపోతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. తర్వాత మూడు రకాలు 100 గ్రాముల చొప్పున ఒకే పెట్టెలో పెట్టి 230 అన్నాం. ఖర్చు 177, మిగిలేది 53, కొనేవాళ్లకి మూడు రుచులు తెలుస్తాయి. కొత్తవాళ్లలో ఎక్కువమంది ఆ పెట్టెతోనే మొదలుపెడుతున్నారు, ఆ తర్వాత అందులో తమకి నచ్చిన ఒకటి 250 గ్రాములు తెప్పించుకుంటున్నారు. మూడూ కేటలాగ్‌లో పక్కపక్కనే ఉంచి, ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూశాం. ఫొటో, ధర, పరిమాణం అన్నీ ఒకే వారంలో మారిస్తే ఆర్డర్లు పెరిగినా ఎందుకు పెరిగాయో చెప్పలేం.

ఖర్చుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చేతి సీలింగ్ మిషన్ 1,800, డిజిటల్ కాటా 1,400, పౌచ్‌లు విజయవాడ వన్‌టౌన్‌లో హోల్‌సేల్‌కి తీసుకున్నాం. స్టిక్కర్లు మాత్రం మొదట్లో తక్కువే వేయించండి, ఎక్కువ కొట్టిస్తే ఒక్కో స్టిక్కర్ చవక పడుతుందని ప్రింటర్ గారు చెబుతారు కానీ పొడి పేరో బరువో మారిస్తే ఆ కట్టలన్నీ చెత్తబుట్టకే. పరీక్ష దశే అయినా ఫుడ్ లైసెన్స్ వాయిదా వేయకండి, జనం తినే వస్తువు ఇది. ఏడాది అమ్మకాలు 12 లక్షల లోపు ఉన్నవాళ్లకని మేం తీసుకున్న ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్‌కి అప్పట్లో ఏడాదికి 100 రూపాయలే, వాళ్ల ఫోస్కాస్ పోర్టల్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దాంతో వచ్చే 14 అంకెల నంబరు, శాకాహారం గుర్తు, దినుసులు, బరువు, తయారుచేసిన తేదీ, ఎంతకాలం బాగుంటుందో, ఎంఆర్‌పీ, చిరునామా అన్నీ ప్యాకెట్ మీద ఉండాలి. వేరుశనగ వేస్తే ఆ మాట స్పష్టంగా రాయాలి, పడనివాళ్లకి అది ప్రాణం మీదకి వస్తుంది. చిన్న వ్యాపారంగా ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకునే ఉద్యం రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేదు.

వేరే రాష్ట్రానికి పంపే ముందు జీఎస్టీ చూసుకోండి. ఊళ్లో అమ్ముకునే చిన్నవాళ్లకి ఏడాది అమ్మకాలు 40 లక్షల దాకా మినహాయింపు ఉంది కదా అని ధీమాగా ఉంటారు, కానీ పన్ను పడే సరుకు రాష్ట్రం దాటించి అమ్మితే అమ్మకం ఎంత తక్కువైనా రిజిస్ట్రేషన్ తీసుకోవాలి. గుంటూరు నుంచి హైదరాబాద్ మనకి పక్కింట్లా అనిపిస్తుంది, లెక్క ప్రకారం అది వేరే రాష్ట్రం. అందుకే మొదటి పరీక్షలన్నీ రాష్ట్రం లోపలే చేశాం. పొడులు ఎవరి కోసం కొంటున్నారో చాట్‌లలో తేలాకే జీఎస్టీ తీసుకుని, మా ఆడపడుచు ద్వారా కూకట్‌పల్లి, నిజాంపేట వైపు మొదలుపెట్టాం. రిజిస్ట్రేషన్‌కి ఫీజు లేకపోయినా రిటర్నులు వేయడానికి నెలనెలా ఆడిటర్ గారికి ఇచ్చేది ఉంటుంది, దాన్ని కూడా ప్యాకెట్ ధరలో లెక్క వేసుకోవాలి.

పార్శిల్‌ని కూడా పరీక్షగానే చూడాలి. ఒక ప్రైవేట్ కొరియర్‌లో పంపిన పెట్టెలు కొన్ని మూలలు నలిగి, పౌచ్ సీలు ఊడి చేరాయి, పేరు ఎందుకులెండి. దాంతో ప్యాకింగ్ మార్చాం. పౌచ్‌లో గాలి బాగా తీసేసి, సీలు రెండు వరసలు వేసి, పెట్టెలో ఖాళీ లేకుండా పాత న్యూస్‌పేపర్ ఉండలు కుక్కి, ఆ పెట్టెని మా డాబా మెట్ల మీద నుంచి కిందకి దొర్లించి చూసేవాళ్లం. మెట్లు తట్టుకున్న పెట్టె ప్రయాణం కూడా తట్టుకుంటోంది. హైదరాబాద్‌కి ఆర్టీసీ కార్గోలో ఒకే పెద్ద పెట్టె వేస్తే మా ఆడపడుచు బస్టాండ్‌లో తీసుకుని అక్కడ పంచుతుంది, విడివిడిగా పంపేదానికంటే బాగా కలిసొచ్చింది. పచ్చళ్లు అడిగేవాళ్లు రోజూ ఉన్నారు, కానీ నూనె కారే వస్తువుతో మొదటి పరీక్ష పెట్టకూడదని పొడుల దగ్గరే ఉన్నాం.

ఇంక లోపాలు. బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందిని పెట్టుకోవచ్చు, కానీ మన నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం చేరుతుంది. కొత్తవాళ్లు చాలామందికి మనం పంపింది వెళ్లదు, వెళ్లలేదని కూడా మనకి గట్టిగా తెలియదు. మేం ప్రతి ప్యాకెట్‌లో చిన్న చీటీ పెట్టి ‘నంబరు సేవ్ చేసుకుంటే ఏ వారం ఏం దంచుతున్నామో తెలుస్తుంది’ అని రాస్తున్నాం. దీన్ని నేను పూర్తిగా లోపం అని కూడా అనలేను, ఎందుకంటే సేవ్ చేసుకున్నవాళ్లు నిజంగా ఆసక్తి ఉన్నవాళ్లే, వాళ్ల జవాబే మనకి విలువైనది. లక్ష నంబర్లకి ఒకేసారి మెసేజ్ పంపిస్తామని సాఫ్ట్‌వేర్లు అమ్మేవాళ్లు ఫోన్లు చేస్తారు, వాటి జోలికి పోకండి. అది యాప్ నిబంధనలకి విరుద్ధం, జనం రిపోర్ట్ కొడితే నంబరే పోతుంది, నంబరుతో పాటు కస్టమర్లూ పోతారు.

స్టాక్ లెక్క అనేదే లేదు. ఇరవై ప్యాకెట్లే ఉన్నాయి, ఇరవై ఒకటో మనిషికి అయిపోయిందని చూపించు అంటే వినదు. మనమే వెళ్లి ఆ వస్తువుని కేటలాగ్‌లో దాచేయాలి. ఆర్డర్లని షీట్‌లోకి దించుకునే దారి లేదు, ఒక్కో చాట్‌ని విడిగా ఎగుమతి చేసుకోవచ్చు కానీ అది ఉత్త మాటల కట్ట. మేం ప్రతి రాత్రి గూగుల్ షీట్స్‌లో చేత్తో ఎక్కిస్తాం. ఫోన్ కాక ఇంకో నాలుగు పరికరాలు కలుపుకోవచ్చు కాబట్టి నేనూ మా ఆడపడుచూ ఇద్దరం ఒకే నంబరు చూసుకోగలుగుతున్నాం, అయితే ఎవరు ఎవరికి జవాబిచ్చారో గుర్తుపెట్టుకోవడం మా పూచీ. గణాంకాల పేరుతో యాప్ చూపించేది ఎన్ని పంపాం, ఎన్ని చేరాయి, ఎన్ని చదివారు, ఎన్ని వచ్చాయి అన్నదే. ఎంతమంది మళ్లీ కొన్నారన్నది చూపించదు, మనకి కావాల్సింది మాత్రం అదే.

ఇన్ని పనులు చేత్తో చేయాల్సి వస్తే ఇది స్టార్టప్ ఎలా అవుతుంది, చిల్లర వ్యాపారం కదా అని మా బంధువుల అబ్బాయి ఒకడు అన్నాడు. ఆన్‌లైన్‌లో బస్సు టికెట్లు అమ్మే రెడ్‌బస్‌ని చూడమన్నాను. 2005 దీపావళికి బెంగళూరు నుంచి ఇంటికి వెళ్లడానికి బస్సు టికెట్ దొరకని ఫణీంద్ర సామ, తనతో బిట్స్ పిలానీలో చదివిన స్నేహితులతో కలిసి 2006లో దాన్ని మొదలుపెట్టారు. వాళ్లు ముందు అనుకున్నది బస్సు ఆపరేటర్లకి సాఫ్ట్‌వేర్ ఇవ్వడం. ఆపరేటర్లు ఆసక్తి చూపించలేదు. అప్పుడు ఆపరేటర్ల దగ్గర కొన్ని సీట్లు అడిగి తీసుకుని తామే ప్రయాణికులకి అమ్మారు, తొలి రోజుల్లో టికెట్లు ఇళ్లకి, ఆఫీసులకి చేర్చారు కూడా. జనం ఆన్‌లైన్‌లో సీటు కొంటారని అలా రుజువయ్యాకే ఆపరేటర్లు కలిసొచ్చారు. 2013లో ఐబిబో గ్రూపు దాన్ని కొనుక్కుంది. చేత్తో చేస్తున్నంత కాలం ప్రతి కస్టమర్ ఏమంటున్నారో మన చెవిన పడుతుంది, మొదటి ఏడాదిలో అంతకంటే విలువైనది నాకేం కనిపించలేదు.

సబ్సిడీ లోన్ల గురించి కూడా అడుగుతున్నారు. చిన్న ఆహార వ్యాపారాలకి 2020లో మొదలైన కేంద్ర ప్రభుత్వ పీఎంఎఫ్‌ఎంఈ పథకంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ పెట్టారు. మంచి పథకమే. కానీ మిగతా 65 శాతం మనదే, మిషన్ వచ్చాక ప్రతి నెలా కిస్తీ కట్టాలి. మునగాకు పొడి బాగా పోతుందన్న నమ్మకంతో డ్రయ్యర్‌కి లోన్ పెట్టి ఉంటే ఈ రోజు మేం ఆ కిస్తీ కోసం పొడి అమ్ముతూ ఉండేవాళ్లం. ముందు చాట్‌లో రుజువు, తర్వాత బ్యాంకు.

ఎవరికి ఈ యాప్ సరిపోదో కూడా చెప్పాలి. రోజుకి యాభై అరవై ఆర్డర్లు దాటి, ఇద్దరి కంటే ఎక్కువమంది జవాబులివ్వాల్సి వస్తే అవస్థే. అప్పుడు వాట్సాప్ వాళ్లదే డబ్బు కట్టి వాడుకునే వేరే ప్లాట్‌ఫామ్ ఉంది, లేకపోతే సొంత వెబ్‌సైట్. కొనేవాళ్లు ఎక్కువగా ఇన్‌స్టాగ్రామ్‌లో ఉండే బట్టలు, నగల లాంటివాటికి అక్కడ మొదలుపెట్టి మాటలు ఇక్కడికి తెచ్చుకోవడం మేలు, యాప్ ఇచ్చే లింకు, క్యూఆర్ దానికి బాగా పనికొస్తాయి. ఇంటి వంట, ట్యూషన్, బ్లౌజు కుట్టుపని, రిపేర్లు, టిఫిన్ క్యారియర్లు, ఇలాంటివి ఏవైనా ఈ వారమే మొదలుపెట్టి చూసుకోవచ్చు.

మా 20 వేలలో ఇంకా కొంత అలాగే ఉంది. దాంతో ఈసారి రాగి దోసె మిక్స్ ఒకటి కేటలాగ్‌లో పెడుతున్నాం, అదే పద్ధతి, డబ్బు అందాకే తయారీ. యాప్‌కి ఆ ఒక్క మార్కు ఎందుకు తగ్గించానంటే స్టాక్ లెక్క లేకపోవడానికే. కేటలాగ్‌లో ప్రతి వస్తువు పక్కన ఎన్ని మిగిలాయో వేసుకునే చిన్న గడి ఒకటి ఇస్తే 5కి 5 ఇవ్వడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.